ఎలక కొరికి ఆగినట్టు

బియ్యం డబ్బా వెనక చోడి పిండి ఉండలు ఐదే ఉన్నాయి. నిన్న జోగయ్య పెట్టినవి ఆరు.

ఎలక ఎత్తుకుపోయిందనుకున్నాడు. చీపురుతో డబ్బా చుట్టూ వెతికాడు. పొడి రాలలేదు, పెంటిక లేదు. అప్పుడు నిన్న తను కూతురికి చెప్పిన మాటే గుర్తొచ్చింది.

జేకేపూర్ కాలనీ బడిలో నాలుగో తరగతి చదివే సూర్యావతి, ఎలకల గురించి ఐదు వింతలు అందరి ముందూ చెప్పాలి. గణపతిరావు మాస్టారు పెట్టిన పని. తల్లి అప్పమ్మ పోయి రెండేళ్లైంది, ఇక అడగడానికి తండ్రే మిగిలాడు. కాగితం గిడ్డంగిలో పన్నెండేళ్లుగా ఎలకలతో వేగుతున్నవాడు. మొహం చిట్లించుకునే చెప్పాడు.

"పళ్లు సచ్చేదాకా పెరుగుతాయి, అందుకే ఎప్పుడూ ఏదో కొరుకుతాది. బొటనవేలంత కన్నంలో దూరిపోతాది. రెండు మూడు రోజులు ఈదగలదు. కొత్త తిండి కనబడితే కొంచెం కొరికి ఆగుతాది. ఏం కాకపోతే మర్నాడు తింటాది."

"అలాగెందుకు?"

"కక్కలేదు. లోపలికెళ్తే ఎళ్లినట్టే."

"ఐదయ్యేయి నాన్నా! మరి ఆ ఉండలేటి?"

"నీకెందుకు? ఎల్లి సదువుకో."

ఎలకల మందు అని రెండు మాటలు అంటే సరిపోయేది. అనలేదు. అప్పమ్మ పోయాక ఎవరికీ ఏదీ వివరంగా చెప్పడం మానేశాడు.

ఎలకైతే మొదటిరోజే ఉండ మొత్తం మాయం చెయ్యదు. పైగా అప్పమ్మ కూడా బెల్లం వేసి చోడి ఉండలు చేసేది, పిల్ల ఒక్కరోజే తినెయ్యకుండా ఆ డబ్బా వెనకే దాచేది. ఆ సంగతి జోగయ్యకి ఇప్పుడు గుర్తొచ్చింది.

చెప్పులు లేకుండా పరిగెత్తాడు.

బడి వరండాలో పిల్లలు బాసింపట్లేసుకుని కూర్చున్నారు. సూర్యావతి చేతులు కట్టుకుని "నాలుగో వింత" అంటోంది. జోగయ్య వెళ్లి దాని దవడ పట్టుకున్నాడు.

"ఉండ తిన్నావేటే?"

"ఏమిటిది జోగయ్యా?" అన్నారు మాస్టారు.

"మందు మాస్టారూ. ఎలకల మందు."

సూర్యావతి సంచిలోంచి ఉండ తీసింది. ఒక పక్క చిన్న పంటిగాటు.

"కొంచెమే నాన్నా. అమ్మ సేసినట్టుంటాదనుకున్నాను. కానీ సేసింది నువ్వు కదా, అందుకని ఎలకలాగ కొరికి ఆగేను. రేపు తిందామని."

వెనక వరసలో ఎవరో నవ్వారు. జోగయ్య పిల్లని ఎత్తుకున్నాడు.

మాస్టారి సైకిలు మీద ఆసుపత్రికి వెళ్తుంటే దారిలో రెండుసార్లు తండ్రి చొక్కా మీద కక్కింది. డాక్టరు ఆ ఉండ వాసన చూశాడు. వెల్లుల్లి కంపు, ఎలకల మందుదే. మందులు పట్టించి, "రేపటిదాకా చూడాలి" అన్నాడు.

అప్పమ్మ పోయే ముందూ ఇదే మాట విన్నాడు జోగయ్య.

మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు. పిల్ల గోళ్ల రంగు చూశాడు. ఊపిరి చూశాడు. మళ్లీ గోళ్లు చూశాడు.

"నాన్నా, ఎలకనైతే ఈపాటికి సచ్చిపోదును కదా? అది కక్కలేదు."

"నోరు ముయ్యి."

పిల్ల మెడదాకా దుప్పటి లాగాడు.

మర్నాడు డాక్టరు కళ్లు చూసి, పొట్ట నొక్కి, గంజి పట్టమన్నాడు. జోగయ్య పక్కింటి అప్పలకొండమ్మ పంపిన గంజి గ్లాసులో పోసి, ముందు తను ఒక గుక్క తాగాడు. గ్లాసు పట్టుకుని అలాగే కూర్చున్నాడు.

"ఎంతసేపు ఆగాలి నాన్నా? ఆకలేస్తంది."

గ్లాసు పిల్ల చేతికిచ్చాడు.

"నూకలు, నీళ్లు, ఉప్పు," అన్నాడు జోగయ్య. "ఇంకేటీ లేదమ్మీ. తాగు."