పళ్లెంలో విడిపోని నల్ల నూనె

ఇలా నా పక్కకు జరుగు, మోకాలు తగిలినా ఫరవాలేదు. మీ అమ్మ పెళ్లికి ముందు నల్ల నూనెతో పడ్డ పాట్లు చెబుతాను.

ఆ నూనెలో కంటికి ఆనని ఇనుప నలుసులు కలిసి ఉంటాయి. అయస్కాంతం దగ్గరికి తెస్తే చాలు, ముళ్లపందిలా లేచి నిలబడుతుంది. మీ అమ్మ దాన్ని ముట్టుకునేది కాదు. ఎంత చల్లబరిచి ఎంత అయస్కాంతం పెడితే అది చిక్కటిదీ పల్చటిదీ అని రెండుగా విడిపోతుందో కంప్యూటర్లో ముందే లెక్క కట్టడం ఆమె పని.

"పాలు విరిగినట్టా?" అని అడిగాను.

"అలాంటిదేనమ్మా. అయస్కాంతం తీసేస్తే మళ్లీ కలిసిపోతుంది."

"అలాంటి పాలు దొరికితే నాకూ ఒక గిన్నె తెచ్చిపెట్టు."

ఆ నవ్వు ఎన్నాళ్లో నిలవలేదు. ఆమె పనిచేసే చోటే కింది అంతస్తు ప్రయోగశాలలో ఒకతను ఆ నూనెను పరీక్షించి, విడిపోలేదని కబురు పంపాడు. ఏ పనైనా నిదానంగా చేస్తాడని అతన్ని అందరూ నిదానం అనేవారు. లెక్క తప్పని తేలితే మొత్తం పక్కన పెట్టి మొదటి నుంచి మొదలుపెట్టమన్నారు వాళ్ల పెద్దసారు. ఆ మధ్యాహ్నమే జవాబు చెప్పాలి. ఏళ్ల తరబడి చేసిన పని. మీ అమ్మ పొద్దున మెతుకు ముట్టలేదు. నాకు మనసొప్పక అన్నం డబ్బా పట్టుకుని వెంట వెళ్లాను.

మెట్ల దగ్గర ఆగి, "సారు దగ్గరికి వెళ్లేముందు ఆ నూనె ముఖం ఒక్కసారి చూసిపోతాను" అంది. అన్నాళ్లూ పై గదిలోనే ఉంది కానీ కిందికి దిగి ఎరగదు.

నిదానం బల్ల మీద గాజు పళ్లెం చూపించాడు. డబ్బా మూతంత ఉంది, కింద అయస్కాంతం. మీ అమ్మ దాని చుట్టూ తిరిగి చూసింది.

"ఇందులోనా పోశారు?"

"చూడటానికి సులువు కదండీ."

"నేను సన్నటి పొడుగు గొట్టం అనుకుని లెక్క కట్టాను."

"గొట్టమని మీరు చెప్పలేదుగా."

"పళ్లెమని మీరూ చెప్పలేదుగా."

నూనె అలా పల్చగా పరుచుకుంటే అందులోని నలుసులే అయస్కాంతానికి ఎదురు తిరిగి, లోపల దాని బలం తగ్గించేస్తాయట. గొట్టంలో పోసి పొడుగునా అయస్కాంతం పెడితే ఆ బెడద ఉండదట.

నిదానం గాజు గొట్టం తెచ్చి చుక్క చుక్కగా నింపసాగాడు.

"నాయనా, నువ్విలా పోస్తుంటే ఈ నూనెకు కూడా జుట్టు నెరుస్తుంది" అన్నాను.

"చిందితే మీ చీర మీద మరక పోదు పెద్దమ్మా" అన్నాడు, తల ఎత్తకుండానే.

గొట్టాన్ని చల్లబరిచి అయస్కాంతాల మధ్య పెట్టారు. మీ అమ్మ భూతద్దంలోకి వంగింది. ఆఖరికి బిగుసుకున్న భుజాలు సడలాయి. నన్నూ చూడమంది. సన్నటి నల్లటి గింజలు, అన్నీ ఒకే వైపు తలలు పెట్టి పడుకున్నాయి. ఆ గింజలే చిక్కటి నూనె, చుట్టూ ఉన్నది పల్చటిది. నూనె విడిపోయింది.

మీ అమ్మ అక్కడే నేల మీద చతికిలబడి, "అమ్మా, డబ్బాలో ఏం తెచ్చావు?" అంది.

ముద్దలు కలిపి పెట్టాను. నిదానానికీ పెట్టాను. తిన్నాకే పెద్దసారు దగ్గరికి వెళ్లింది, గొట్టం చేత్తో పట్టుకుని. ఆయన ముందు మళ్లీ చల్లబరిచి అయస్కాంతం పెట్టి చూపిస్తే, ఆ పని పక్కన పెట్టమనలేదు.

ఇది మనసులో పెట్టుకో బంగారం. లెక్క తప్పిందని మీ అమ్మ ఎప్పుడైనా దిగులుగా కూర్చుంటే, పళ్లెం సంగతి గుర్తు చెయ్యి. నీ పిల్లలకూ చెప్పు. నిదానం జవాబులు మాత్రం వదలకుండా చెప్పాలి సుమా.