మేకుకు వేలాడే సంచి

సంచిలోంచి నిన్నటి రస్కులు రెండూ తీసి పళ్ళెంలో పెట్టుకుంది అత్త. డబ్బాలోంచి కొత్తవి రెండు తీసి, కాగితంలో చుట్టి, సంచి అడుగున మడతపెట్టి ఉన్న జత బట్టల మధ్య దాచింది. అగ్గిపెట్టె ఉంది, సబ్బుముక్క ఉంది, పోయిన మొగుడి ఫొటో ఉంది. తాడు బిగించి సంచిని తలుపు పక్క మేకుకు తగిలించాక, కూర్చుని నిన్నటి రస్కులను టీలో ముంచుకుని తినసాగింది. ఇరవై రెండేళ్ళుగా ఆమె తింటున్నవి నిన్నటివే. ఎవరైనా వచ్చి, నీ దేశం నువ్వు పో అంటే, దారిలో తినడానికి తాజావి ఉండాలి కదా.

ఆమెను వీధివీధంతా అత్త అనే పిలిచేది. అత్తరికం చెలాయించడానికి ఆ గదిలో కోడలు కాదుకదా, పిల్లి కూడా లేదు. పదేళ్ళప్పుడు తండ్రి చెయ్యి పట్టుకుని పడవలో ఏరు దాటి ఈ దేశం వచ్చింది. ఒడ్డున దిగగానే తండ్రి ఒకటే మాట చెప్పాడు. ఆఫీసు నుంచి కాగితం వస్తే విప్పకు. విప్పితే తెలిసినట్టే, తెలిస్తే పోవాల్సిందే. ఆమెకు ఎలాగూ చదువు రాదు. వచ్చిన కవరు వచ్చినట్టే మంచం కింది రేకుపెట్టెలో వేసి, పైన పాత దుప్పటి కప్పేసేది.

ఆ ఉదయం తలుపు చప్పుడైంది. పోస్టాయన. ఎప్పుడూ కిటికీలోంచి కవరు విసిరి పోయేవాడు, ఇవాళ కలం తీసి నిలబడ్డాడు.

"దీనికి సంతకం కావాలమ్మా."

అత్త కొంగుకు చెయ్యి తుడుచుకుని కలం అందుకుంది. సంతకం పెట్టనంటే ఏమవుతుందో తెలియదు, పెడితే ఏమవుతుందో అంతకన్నా తెలియదు. మొగుడు నేర్పిన పేరును ఒక్కో అక్షరం గీస్తుంటే కలం రెండుసార్లు జారింది. కవరును పెట్టెలో పడేసి, సంచి భుజాన వేసుకుని పనికి బయలుదేరింది.

ఆసుపత్రి దుప్పట్లు ఉతికే షెడ్డులో ఆమె పని ఇస్త్రీ రోలరు దగ్గర. తడి దుప్పటి అంచును ఇద్దరు ఆడవాళ్ళు చెరో కొస పట్టుకుని, కాలే రోలరు కిందికి నెట్టాలి. చేతులు లోపలికి పోకుండా ముందు ఒక ఇనపకమ్మీ ఉండేది. కమ్మీ ఉంటే పని నిదానం అవుతోందని రెండు నెలల కిందట మేస్త్రీ దాన్ని విప్పించాడు. నెల తిరక్కుండానే అత్తకు జోడీగా పనిచేసే అమ్మాయి కుడిచెయ్యి మణికట్టుదాకా లోపలికి పోయింది. ఆ అరుపు విని నలుగురూ పరిగెత్తుకొచ్చేసరికి కమ్మీ మళ్ళీ దాని చోట ఉంది. మేస్త్రీ దాన్ని బిగిస్తుంటే చూసింది అత్త ఒక్కతే.

కమ్మీ ఉన్నా కునుకు తీసి చెయ్యి పెట్టిందని అతను పెద్దలకు చెప్పాడు. అత్త నేల చూపులు చూసింది.

ఇవాళ కూడా మేస్త్రీ గేటు దగ్గరే ఎదురయ్యాడు. రోజూ అడిగేదే అడిగాడు.

"ఏమత్తా, ప్రయాణమెప్పుడు?"

చుట్టూ ఉన్నవాళ్ళు రోజూలాగే నవ్వారు. ఆమె సంచి చూస్తే వాళ్ళకదొక వేడుక. మేస్త్రీ మాత్రం నవ్వకుండా దగ్గరికొచ్చి, గొంతు తగ్గించాడు.

"ఎవరైనా అడిగితే నువ్వేం చూళ్ళేదు. ఏరవతల నీకెవరూ లేరుగా, పాపం. ఈ వయసులో ఎక్కడికని పోతావు?"

సాయంత్రందాకా ఆవిరిలో నిలబడినా అత్తకు చేతులు చల్లగానే ఉన్నాయి. మూడు దుప్పట్లు వంకరగా మడతపెట్టింది. ఆ షెడ్డులో చేరాక అలా ఎన్నడూ జరగలేదు.

ఇంటికి వచ్చేసరికి గుమ్మంలో ఆ అమ్మాయి కూర్చుని ఉంది, కుడిచేతికి మోచేతిదాకా కట్టుతో. లోపలికి వచ్చి మంచం అంచున కూర్చుంది. తరవాత తల వంచుకుని చెప్పింది.

"విచారణకు సాక్షిగా నీ పేరు నేనే రాయించానత్తా. అడక్కుండా రాయించాను. కాగితం వచ్చుంటుంది."

అత్త మంచం కింది పెట్టె లాగి, కవర్లన్నీ ఆమె ఒళ్ళో గుమ్మరించింది. దాచిన చోరీసొత్తు అప్పగించినట్టుంది ఆమె వాలకం. అమ్మాయి ఎడమచేత్తో పట్టుకుని, పళ్ళతో చించి, ఒకటి చదివింది. ఇంకొకటి. నాలుగోది విప్పేసరికి తలెత్తి అత్త వైపు చూసింది. ఇవాళ్టిది పక్కన పెట్టి, మిగతావన్నీ విప్పి చూసింది.

"ఇవి ఓటు చీటీలత్తా. ప్రతి ఎన్నికకూ నిన్ను రమ్మని పిలిచారు. పొమ్మన్నది ఇందులో ఒక్కటీ లేదు."

ఇవాళ్టి కవరు చివర విప్పింది. రేపు పది గంటలకు కార్మిక ఆఫీసులో విచారణ. చూసింది చూసినట్టు చెప్పడం ఈ దేశపు పౌరురాలిగా మీ బాధ్యత అని రాసి ఉంది. పౌరురాలంటే ఏమిటని అడిగింది అత్త. ఈ దేశం మనిషివని, నిన్నెవరూ ఇక్కణ్ణుంచి పంపలేరని అమ్మాయి చెప్పింది.

అప్పుడు గుర్తొచ్చింది. పెళ్ళయిన మూడో ఏడు మొగుడు ఆమెను ఒక ఆఫీసుకు తీసుకుపోయాడు. కళ్ళజోడావిడ ఎదుట చెయ్యెత్తి, ఆవిడ చెప్పిన పెద్దపెద్ద మాటలు తిరిగి చెప్పింది. పెళ్ళి రాయించుకోవడం అనుకుంది. మెట్లు దిగుతూ అతను, ఇక నీకేం భయం లేదన్నాడు. మొగుళ్ళందరూ అనే మాటేలే అనుకుంది. ఆ ఏడాదే అతను నడిపే లారీ లోయలో పడింది.

"వెళ్ళకపోతే?" అంది అత్త.

"మళ్ళీ పిలుస్తారు. నువ్వు చెప్పకపోతే మేస్త్రీ మాటే నిలుస్తుంది."

"వెళ్తే?"

అమ్మాయి కట్టు వైపు చూసుకుంది. "నిన్ను పనిలోంచి తీసేస్తాడేమో. నీ ఇష్టం అత్తా. నేనేమీ అనుకోను."

ఆమె వెళ్ళిపోయాక అత్త దీపం వెలిగించడం కూడా మరిచి కూర్చుంది. పంపేస్తారన్న భయం పోతే గుండె తేలికపడాలి. పడలేదు. ఇన్నాళ్ళూ నోరు మూసుకున్నందుకు ఆ భయాన్ని అడ్డం పెట్టుకుంది. ఇప్పుడు అడ్డం ఏదీ లేదు. కమ్మీ తీసేసిన రోలరు ముందు చేతులు చాపుకుని నిలబడ్డట్టుంది.

తెల్లవారాక టీ పెట్టింది కానీ తాగలేదు. రస్కుల డబ్బా మూత తీయలేదు. జుట్టు దువ్వుకుని, కవరు చేతపట్టి, తలుపు తీసింది. ఎదురుగా మేస్త్రీ. కబురు అతనికీ అందినట్టుంది.

"ఏమత్తా, ప్రయాణమెప్పుడు?" అన్నాడు. అని, ఆమె భుజం వైపు చూసి ఆగాడు.

అత్త గోడ పట్టుకుని ఒక మెట్టు, వదిలి ఇంకో మెట్టు దిగింది. షెడ్డు కుడివైపు, విచారణ జరిగే ఆఫీసు ఎడమవైపు. ఎడమవైపు తిరిగింది.

తీసిన తలుపు తీసినట్టే ఉంది. దాని పక్కన మేకుకు సంచి వేలాడుతోంది, అడుగున రెండు రస్కులతో. నిన్నటివి.