దీపపు పలక ముందు పెద్దక్క

సీసాల ఫ్యాక్టరీలో అందరూ పెద్దక్క అని పిలిచే మనిషి పని, సీసాలను చూడటమే. తెల్లటి దీపపు పలక ముందు అవి బెల్టు మీద వరసగా సాగిపోతుంటే, బీటలూ బుడగలూ ఉన్నవాటిని ఏరి పక్కన పెట్టాలి. పంతొమ్మిదేళ్లు చూడగా చూడగా, ఆ సీసాలు వెలుతురును గొంతుదాకా తాగి నిద్రలో నడిచిపోతున్న మనుషుల్లా కనిపించేవి ఆమెకు.

ఆ ఏడాది ఆ వెలుతురుకు మంచు పట్టింది. పలక మురికేమో అనుకుని గుడ్డతో తుడిచింది. పోలేదు. మంచు తన కళ్లలోనే ఉందని అప్పుడు తెలిసింది. చూపు తగ్గిన మనిషిని చూసే పనిలో ఎవరుంచుకుంటారు? ఎవరికీ చెప్పకుండా, కళ్ల పనిని వేళ్లకు అప్పగించింది. సీసా అంచును తడిమి బీటను పసిగట్టేది.

అట్టపెట్టెలు కట్టే చోట పనిచేసే వదిన, వంతెన అవతల కొత్త ఫ్యాక్టరీలో జీతాలెక్కువని, అటు వెళ్లిపోవడానికి అప్పటికే ఏడుగురిని కూడగట్టింది.

"నువ్వూ వచ్చెయ్. ఇక్కడేముందని వేలాడతావు?"

"చూద్దాంలే వదినా."

"చూడ్డమే కదా నీ ఉద్యోగం! తొందరగా చూడు మరి."

వదిన నవ్వింది. పెద్దక్కకు నవ్వు రాలేదు.

ఒక మధ్యాహ్నం పగిలిన అంచు తగిలి వేలు తెగింది. మేనేజరు దగ్గరుండి కట్టు కట్టించాడు.

"పెద్దక్కా, వేళ్లతో ఎందుకు చూస్తున్నావు?"

ఇక దాచలేకపోయింది. "కళ్లు మసకేస్తున్నాయి బాబూ. రేపట్నుంచి రావద్దంటారా?"

"రేపు రావద్దు. రేపు కళ్ల డాక్టరు దగ్గరికి వెళ్తున్నాం." ఆమె వేలి కట్టు చూస్తూ అన్నాడు. "ఇన్నేళ్లూ ఆ దీపం ముందు కూర్చోబెట్టాం. ఒక్కసారైనా నీ కళ్లు చూపించలేదు. తప్పు మాదే."

శుక్లాలన్నారు. రెండు ఆపరేషన్లూ కంపెనీయే చేయించింది, సెలవులోనూ జీతం ఆపలేదు. కంటికి కట్టుతో పడుకున్న పగటిపూటల్లో ఆమె కలల్లో సీసాలు నేలను వదిలి మెల్లగా తేలేవి. ఆ గాజులోంచి వాన చప్పుడు వినిపించేది.

ఒకరోజు మెలకువ వచ్చేసరికి పక్కనే వదిన.

"వెళ్లిపోలేదా?"

"చూసొచ్చాం. మా కళ్లు పోతే ఏం చేస్తారని అక్కడి మేనేజరును అడిగాను. ఇంకొకరిని పెట్టుకుంటామన్నాడు. పాపం, ఉన్నమాటే చెప్పాడు." వదిన దుప్పటి సర్దింది. "ఇద్దరు మాత్రం వెళ్లారు. వాళ్లకు ఇల్లు దగ్గర. మిగతావాళ్లం నీకేం జరుగుతుందా అనే కాచుకుని ఉన్నాం. ఇక కదలం."

పెద్దక్క తిరిగి పనిలోకి వెళ్లేసరికి, దీపం ముందు కూర్చునేవాళ్లందరికీ ఏటా కంటి పరీక్ష, గంటకోసారి పది నిమిషాల విరామం వచ్చాయి. మొదటి విరామంలో ఏం చేయాలో తోచలేదు. నడుచుకుంటూ వదిన పనిచేసే చోటికి వెళ్లింది. పంతొమ్మిదేళ్లలో అటు రావడం అదే మొదటిసారి.

"ఇక్కడ ఇంత పెద్ద కిటికీ ఉందా వదినా?"

వదిన ఒక అట్టపెట్టె బోర్లించి కూర్చోమంది. బయట ఎండలో లారీ ఒకటి బయలుదేరుతోంది. అది మలుపు తిరిగేదాకా ఇద్దరూ చూస్తూ కూర్చున్నారు.