గంగమ్మ పొయ్యిలో నిప్పు

కొల్లేటి లంక మీద అయిదు రోజులకు అద్దెకు తీసుకున్న తాటాకిల్లు అది. దోనె దిగి లోపలికి రాగానే రామకోటి చెంబుడు పసుపునీళ్లు కలిపి గడప మొదలు మూటల దాకా అన్నిటి మీదా చల్లాడు. చేపలు పట్టేవాళ్ల ఇల్లు కదా, మైల పోవాలని. ఆ చల్లడంలో అగ్గిపెట్టె కూడా తడిసింది. సాయంత్రం దాకా ఆ సంగతి ఎవరికీ తెలియలేదు.

ఏలూరులో కరెంటు దీపాల కింద బతికే మనిషి. కూతురు అమ్మాజీకి టైఫాయిడు తగ్గాక గాలి మార్పు కావాలని డాక్టరు చెబితే వచ్చాడు. పిల్ల మంచంలో ఉన్నప్పుడే ఒక మొక్కు మొక్కుకున్నాడు. నలభై సాయంత్రాలు, ఒక్కటీ తప్పకుండా, పొద్దు గుంకేలోగా దేవుడికి దీపం పెడతానని. ఇవాళ్టిది ముప్ఫై తొమ్మిదోది.

ప్రమిదలో నూనె పోసి, వత్తి వేసి, పుల్ల గీశాడు. మందు ఊడి పెట్టెకు అంటుకుంది. ఇంకోటి గీశాడు. అదీ అంతే.

"అగ్గిపెట్టెకు కూడా స్నానం చేయించారా ఏవండీ?" అంది భార్య వెంకటనరసమ్మ. "పెరుగన్నం మూట కట్టుకొచ్చాం కనక మధ్యాహ్నం గడిచింది."

దోనె మళ్లీ రేపు పొద్దున గాని రాదు. దగ్గర్లో ఉన్నది ఇంటిగలావిడ గంగమ్మ గుడిసె ఒక్కటే. అక్కడ పొగ లేస్తోంది. పొగతో పాటు చేపల పులుసు వాసనా వస్తోంది. రామకోటి ప్రమిద వంక చూశాడు, నీళ్ల మీదికి దిగుతున్న పొద్దు వంక చూశాడు. పిడక ముక్క పట్టుకుని బయల్దేరాడు.

"గంగమ్మా, కాస్త నిప్పు పెట్టమ్మా. దేవుడి దీపానికి."

గంగమ్మ లేచి పొయ్యికి అడ్డం నిలబడింది. "వద్దండి బాబుగారూ. చేప ఉడుకుతోందండి. ఆ పాపం నేనెక్కడ మొయ్యనండి? లాంతరుకైతే ఎంతైనా పట్టుకెళ్లండి."

"నిప్పుకు మైలేమిటమ్మా?"

"లేదాండి? మరి నిన్న నేను పేడతో అలికిన ఇంటికి ఎందుకుందండి? మీరు నీళ్లు చల్లడం చూశానండి."

ఆ మాటలో కోపం లేదు. తెలుసుకుందామనే అడిగినట్టుంది. రామకోటి చిన్నప్పటినుంచీ చల్లుతూనే ఉన్నాడు. ఎందుకని ఒక్కనాడూ తనను తాను అడగలేదు.

"అలవాటమ్మా. తప్పే" అన్నాడు చివరికి. "పిల్ల జ్వరం తగ్గాలని మొక్కిన దీపం. పొద్దు దిగిపోతోంది."

"పిల్ల కోసమా? ముందే చెప్పరేంటండి." గంగమ్మ కుండ దించి, చేతులు కడుక్కుని, ఎర్రటి నిప్పు తీసి పిడక మీద పెట్టింది. "కొల్లేటిని కాసే పెద్దింట్లమ్మా, పాపమేదన్నా ఉంటే బాబుగారి మీద రాసుకో తల్లీ."

"రాసుకోనీ" అన్నాడు రామకోటి, నిప్పు ఊదుకుంటూ.

పొద్దు పూర్తిగా మునగకముందే దీపం వెలిగింది.

మర్నాడు దోనె మీద కొత్త అగ్గిపెట్టె వచ్చింది. సాయంత్రం అమ్మాజీ దాన్ని తండ్రికి అందించింది. రామకోటి దాన్ని గూట్లో పెట్టి, పిడక ముక్క తీసుకుని గంగమ్మ గుడిసెకు నడిచాడు.

"ఇవాళా తడిసిందాండి?" అంది గంగమ్మ గుమ్మంలోంచే.

"లేదమ్మా."

ఆవిడ లోపలికెళ్లి కుండ దించింది.