ఆమె పట్టుకున్న తప్పు

“ఇప్పుడు తప్పులన్నీ ఆ బ్రౌజరే పట్టుకుంటుందట కదా. ఇంక నీకు తీరికేగా,” అంది అత్తగారు మాలినా, కాల్చిన లావు ఎర్ర మిరపకాయల గిన్నెను కోడలి ముందుకు జరుపుతూ.

రదోస్తినా ఒక కాయ అందుకుంది. సెప్టెంబరు వచ్చిందంటే ప్లోవ్‌దివ్ ఊళ్లో ప్రతి బాల్కనీలోనూ ఇదే వాసన. చలికాలానికి సరిపడా పచ్చడి ఇంట్లోనే పెట్టాలన్నది అత్తగారి పట్టుదల. వేళ్లు చురుక్కుమంటున్నా తొక్కలు ఒలుస్తూ, తీరిక అన్న మాట ఈవిడకు ఎక్కడి నుంచి వచ్చిందా అని ఆలోచించింది. అది భర్త కమెన్ మాట. మొగుడి నోట్లోంచి అత్తగారి నోట్లోకి వచ్చేసరికి మరీ స్థిరపడిపోయింది.

వెబ్‌సైట్లు తయారుచేసే ఆ చిన్న కంపెనీని భార్యాభర్తలిద్దరూ కలిసే పెట్టారు. కమెన్ వెళ్లి మనుషులతో మాట్లాడి వచ్చేవాడు. ఆమె కూర్చుని తయారుచేసేది. అప్పట్లో బ్రౌజర్లు ఏమీ చెప్పేవి కావు. ఒకదానిలో పొందిగ్గా ఉన్న పేజీ మరోదానిలో చెల్లాచెదురుగా కనిపించేది. ఎక్కడో ఒక్క గుర్తు తప్పు పడితే తెర తెల్లగా ఉండిపోయేది, ఎందుకో తెలిసేది కాదు. కోడ్ మధ్యమధ్యలో ‘ఇక్కడిదాకా వచ్చాను’ అని చిన్న సందేశాలు పెట్టుకుని, ఏది కనబడిందో ఏది కనబడలేదో చూసుకుంటూ తడుముకుంటూ తప్పు దగ్గరికి చేరేది. కూతురు యోవా కడుపులో ఉన్నప్పుడు, ఒక హోటలు వాళ్ల పేజీ పాత బ్రౌజర్లో మాత్రం తెరుచుకోనని మొరాయించింది. కుర్చీ పక్కన బకెట్టు పెట్టుకుని, వాంతి చేసుకుంటూ మళ్లీ తెర వైపు తిరుగుతూ వెతికింది. చివరికి దొరికింది, కోడ్‌లో ఒక జాబితా చివర అదనంగా పడిన కామా. మిగతా బ్రౌజర్లు దాన్ని చూసీచూడనట్టు వదిలేశాయి. ఆ పాతది మాత్రం మొత్తం పేజీనే మింగేసింది. ఆ సమయంలో కమెన్ లోపలి గదిలో నిద్రపోతున్నాడు. అలసిపోయాడు పాపం అని తలుపు దగ్గరగా వేసింది కూడా ఆమే.

తర్వాత తర్వాత బ్రౌజర్లు మారాయి. పేజీలో దేని మీద వేలు పెట్టినా దాని కొలతలు, దాని చుట్టూ ఉన్న ఖాళీ రంగులతో సహా చూపించడం మొదలుపెట్టాయి. రంగో, అక్షరాల సైజో అక్కడికక్కడే మార్చి చూసుకోవచ్చు. చిన్న ఫోనులో ఎలా ఉంటుందో ఫోను లేకుండానే తెలుస్తుంది. ఏ బొమ్మ వల్ల పేజీ ఆలస్యమవుతోందో, చూపు తగ్గినవాళ్లకు ఏ అక్షరాలు ఆనవో కూడా చెబుతాయి. కోడ్ ఎక్కడ ఆగిపోయిందో వరుసతో సహా ఎర్రగా రాసి చూపిస్తాయి. తప్పు ఎక్కడుందో చెప్పి, ఎవరిదని అడగకుండా ఊరుకునేది ఆ ఇంట్లో బ్రౌజరొక్కటే అనిపించేది రదోస్తినాకు.

అలా పనిలో మిగిలిన సమయం తనదవుతుందనుకుంది. కాలేదు. “ఇప్పుడు నీ పని ఎంతసేపులే, అమ్మను డాక్టరు దగ్గరికి తీసుకెళ్లు,” అన్నాడు కమెన్. యోవాను ఈతకు తీసుకెళ్లడం, అతని తమ్ముడి పెళ్లికి హాలు చూడటం, అన్నీ ఆ సందులోకే వచ్చి చేరాయి. బ్రౌజర్లు ఆమెకు చేసిన సాయమంతా ఇల్లే వాడుకుంది. ఆమె చేసే పని మాత్రం పని కాకుండా పోయింది.

ఊళ్లో డెవలపర్ల సభలో, బ్రౌజర్లు తమ పనికి ఎలా సాయంగా మారాయో చెప్పమని కమెన్‌ను పిలిచారు. వారమంతా రాత్రి భోజనాల దగ్గర ఆమె చెబుతుంటే అతను రాసుకున్నాడు. చూపించడానికి కావాలనే తప్పులు పెట్టి పేజీలు తయారుచేసి ఇచ్చింది. ఇద్దరం కలిసే మాట్లాడదామన్నాడు. తీరా హాలుకు వెళ్లాక, టైము తక్కువిచ్చారంటూ ఒక్కడే స్టేజీ ఎక్కాడు. ఆమె అత్తగారి పక్కన కూర్చుంది.

బాగానే మాట్లాడాడు. మాట్లాడుతూ మాట్లాడుతూ ఆ కామా సంగతి దగ్గరికి వచ్చాడు.

“నా భార్య గర్భవతి. లోపలి గదిలో నిద్రపోతోంది. నేనొక్కణ్ణే తెర ముందు కూర్చుని వెతుకుతున్నాను...”

రదోస్తినా తల తిప్పలేకపోయింది. అతని కథలో బకెట్టు లేదు, వాంతులు లేవు, ఆ కుర్చీలో తను లేదు.

“ఇప్పుడు ఆ బాధే లేదు,” అన్నాడు కమెన్. “మిరపకాయలు కాలుస్తూ కూడా మా ఆవిడ వెబ్‌సైట్ చేసి పడేస్తోంది.”

హాలంతా నవ్వింది. మాలినా కూడా నవ్వింది. ఎవరో వెనక్కి తిరిగి చూస్తే, అలవాటు కొద్దీ రదోస్తినా కూడా నవ్వు మొహం పెట్టింది. తర్వాత ఎన్నిసార్లు తలుచుకున్నా, అన్నిటికంటే ఆ నవ్వుకే ఎక్కువ సిగ్గేసింది.

ఇంటికి నడిచి వస్తూ దారిలో అత్తగారిని అడిగింది. “ఆ కామా వెతికింది నేనని మీకు తెలుసు కదా అత్తయ్యా. బకెట్టు తెచ్చిపెట్టింది మీరే.”

మాలినా శాలువా సర్దుకుంది. “తెలుసమ్మాయీ. తెలిస్తే మాత్రం? వాడు చెబితే వినసొంపుగా ఉంది. ఇంటి సంగతి ఇంట్లోనే ఉండనీ.”

కమెన్ అబద్ధమాడినప్పుడు గుండె భగ్గుమంది. ఈ మాటకు మాత్రం చల్లబడిపోయింది. చూసినవాళ్లు కూడా చూడలేదనుకుంటే, ఆ రోజు అక్కడ కూర్చున్నది ఎవరు?

మర్నాడు పొద్దున ముగ్గురూ కాఫీ దగ్గర కూర్చున్నారు. కమెన్ హుషారుగా ఉన్నాడు. రాజధాని సోఫియా నుంచి పిలుపొచ్చింది, అక్కడింకా పెద్ద హాలు. “ఇంకో నాలుగు సంగతులు చెప్పు రదోస్తినా, పాత రోజులవి.”

“నన్నెందుకు నిద్రపుచ్చావు?”

అతనికి వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వాడు. “ఓ, అదా. చెప్పేటప్పుడు అలా కలుపుతారు. ఒకే కంపెనీ, ఒకే ఇల్లు. ఇందులో నీదేంటి, నాదేంటి?”

“తేడా లేకపోతే, నిద్రపోయింది నువ్వేనని చెప్పాల్సింది.”

కమెన్ కప్పు కింద పెట్టాడు. ఆమె సోఫియా సభ వాళ్ల నంబరు అడిగింది. ఊరికే బెదిరిస్తోందనుకున్నాడో ఏమో, ఇచ్చాడు. అతని ఎదురుగానే ఫోను చేసింది. తన పేరు, పెళ్లికి ముందున్న ఇంటిపేరుతో కలిపి చెప్పింది. ప్లోవ్‌దివ్‌లో వినిపించిన సంగతులన్నీ తన పనిలోవని, సోఫియాలో తనే మాట్లాడతానని చెప్పింది. అవతలి మనిషి తడబడి, సంతోషమేనండీ అని, మరి కమెన్ గారు కూడా వస్తారా అని అడిగాడు.

“అది ఆయన ఇష్టమండీ,” అని పెట్టేసింది.

మాలినా కొడుకు వైపు, కోడలి వైపు చూసింది. ఇలాంటి మౌనం వచ్చినప్పుడల్లా ఏదో ఒకటి అని అందరినీ తేలికపరచడం ఆ ఇంట్లో ఎప్పుడూ రదోస్తినా పనే. ఇద్దరూ ఆ మాట కోసమే ఎదురుచూస్తున్నారు. ఆమె తన కాఫీ తను తాగింది.