ఉమ్మే ఉద్యోగం

మధ్యాహ్నం పన్నెండు దాటింది. థూ అత్త పొద్దుటి నుంచి అయిదు గిన్నెలు వండింది, అయిదు ముద్దలు నోట్లో పెట్టుకుంది, అయిదూ ఉమ్మేసింది. ప్రతిసారీ ఉప్పునీళ్ళతో పుక్కిలించినా నాలుక మీంచి బూజు వాసన వదల్లేదు. ఆరో గిన్నెకి బియ్యం ఇంకా రాలేదని పరీక్షగది గుమ్మంలో కూలబడింది. నిన్న మధ్యాహ్నం నుంచి కడుపులో ఏమీ లేదు. ఇంట్లో లేక కొంత, తిని వస్తే ఈ కంపుకి వాంతి అయిపోతుందని కొంత.

ఆమె ఉద్యోగమే ఉమ్మడం. వినడానికి నవ్వులాటగా ఉంటుంది గానీ నిజం. గోదాము పక్క ఫ్యాక్టరీలో బియ్యాన్ని పులియబెట్టి లారీలకి పోసే ఇంధనం తీస్తారు. మనుషులు తినే గింజ అందుకు వాడకూడదనీ, తినడానికి పనికిరానిదే వాడాలనీ నిబంధన. పనికిరాదని తేల్చేది యంత్రం కాదు. ప్రతి రాశి నుంచీ గుప్పెడు తీసి వండాలి, ఒక మనిషి ఒక్క ముద్ద నోట్లో పెట్టుకోవాలి. మింగితే ఊరికి, ఉమ్మితే ఫ్యాక్టరీకి. ఆ మనిషి కాగితం మీద వేలిముద్ర వేసిందంటే ఇక తిరుగులేదు. రోజుకి మూడొందల యాభై, ఫ్యాక్టరీ గోడ వెనక ఒక గది. థూ అత్త అన్నది వీధి పిల్లలు పెట్టిన పేరు. పెద్దవాళ్ళకీ అదే అలవాటైంది.

మొదట్లో ఆమెకి ఈ పనంటే గౌరవమే. అంతకు ముందు అదే చోట బొగ్గు కాల్చి కరెంటు తీసేవాళ్ళు. ఆమె మొగుడు ఇరవై రెండేళ్ళు అక్కడ బొగ్గు దింపాడు. ఇప్పుడు మంచం దిగి గుమ్మం దాకా రావాలంటే మధ్యలో రెండుసార్లు ఆగుతాడు, దగ్గితే గుడ్డ మీద నల్లగా పడుతుంది. ఆ రోజుల్లో ఉతికి ఆరేసిన బట్ట సాయంత్రానికి మసిగుడ్డ అయ్యేది. పొగగొట్టం కూలగొట్టి ఇంధనం ఫ్యాక్టరీ కట్టినప్పుడు వీధి వీధంతా సంబరపడింది. వచ్చింది కూడా నిజంగా చెడిపోయిన గింజే. వరదలో నానింది, పురుగు పట్టింది, ముక్కిపోయింది. థూ అత్త మనస్ఫూర్తిగా ఉమ్మింది.

అయితే పాడైన గింజ ఎంతని దొరుకుతుంది? ఫ్యాక్టరీ కడుపు పెద్దది. చెడిపోయింది చాలకపోయేసరికి మంచిదాన్ని చెడగొట్టడం మొదలెట్టారు. గోదాములోకి రబ్బరు పైపులు వచ్చాయి. బస్తాల మీద నీళ్ళు కొట్టి, టార్పాలిన్ కప్పి, నాలుగు రోజులు వదిలేస్తారు. లోపల వేడెక్కి, ఆవిరి కమ్మి, పచ్చబూజు పట్టి, బస్తాల కింది నుంచి చిక్కటి జిగురు కారుతుంది. ఎలుకలు కూడా అందులో కాలు పెట్టవు. మనుషులు మాత్రం చెప్పులు లేకుండా తిరుగుతారు. ఆ కంపు జుట్టులోకీ గోళ్ళలోకీ దుప్పట్లలోకీ ఎక్కుతుంది. మంచి బియ్యాన్ని చేతులారా కుళ్ళబెట్టడం, కుళ్ళిపోయింది పాపం అని కాగితం రాయడం, ఆ కాగితం మీద ఆకుపచ్చ ముద్ర కొట్టడం! ఛీ, ఇదీ ఒక బతుకేనా అనిపించేది ఆమెకి. అనిపించినా మర్నాడు పొద్దున్నే వచ్చి పొయ్యి వెలిగించేది.

మరి ఊరికి బియ్యం ఎక్కణ్ణుంచి వస్తుంది? మూడు రోజుల దూరం నుంచి లారీల మీద వస్తుంది. ఆ లారీలు తాగేది ఈ ఫ్యాక్టరీ ఇంధనమే. బియ్యం లోపలికి తీసుకుపోయే లారీ, ఊళ్ళోకి బియ్యం తెచ్చే లారీ గేటు దగ్గర ఎదురుపడి దారివ్వమని హారన్లు కొట్టుకుంటాయి. ఇక్కడి బియ్యం తాగించి అక్కడి బియ్యం మోసుకొస్తున్నానత్తా, మధ్యలో నేనెందుకో నాకే తెలీడం లేదని ఒక డ్రైవరు నవ్వాడొకసారి. కిలో ఇరవై రెండు ఉండేది నలభై ఒకటయింది. దారిలో లారీ ఆగిపోతే అదీ లేదు. నిన్నా ఇవాళా డిపో తలుపుకి సరుకు లేదన్న అట్టముక్క వేలాడుతోంది. పొద్దున గిన్నె అడుగున మిగిలిన గంజి మొగుడికి పోస్తే, నాకు ఆకలిగా లేదే, నువ్వు తాగు అన్నాడు. నలభై ఏళ్ళ కాపురంలో ఆ మనిషికి అబద్ధమాడటం చేతకాలేదు.

పైపులు వచ్చిన కొత్తలో ఆమె ఒకసారి మేనేజరుని అడిగింది, ఇదేం పని సార్ అని. ఆయన కోపగించుకోలేదు. కుర్చీ చూపించి కూర్చోమన్నాడు.

"పెద్దమ్మా, ఇప్పుడు పొగ ఉందా? లేదు కదా. మళ్ళీ బొగ్గే కావాలంటే చెప్పు. ముందు ఇంటికెళ్ళి మీ ఆయన ఊపిరితిత్తుల్ని అడిగి రా."

 ఆ మాటలో అబద్ధం ఉంటే ఎదిరించేదేమో. లేదు కాబట్టే ఏడాదిగా నోరెత్తలేదు.

గుమ్మంలో కూర్చున్న ఆమె పక్కకి కోడలు వచ్చి చతికిలబడింది. గోదాములో పైపు పట్టే పని కోడలిదే. చీర కుచ్చిళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది.

"అత్తయ్యా, నాలుగో గోదాములో ముందు వరసే తడిపాను. లోపలివి ముట్టుకోలేదు."

 నాలుగో గోదాములోవి నాలుగు వేల బస్తాలు. కొత్త పంట వచ్చేదాకా ఊరికని దాచిన ఆఖరి నిల్వ అది. ఎందుకు చేశావే ఈ పని అని అడిగింది థూ అత్త.

"చెయ్యి రాలేదు. వారం నుంచి పిల్లకి గంజే పోస్తున్నా. ఆ బియ్యం మీద నీళ్ళెలా కొట్టను? ఎప్పుడూ ముందు వరసలోంచే కదా తీస్తారు, ఎవరికీ తెలీదు."

తెలిస్తే ఇద్దరి ఉద్యోగాలూ, గదీ కలిసే పోతాయి. నోరు మూసుకుని వెళ్ళి పైపు పట్టుకోమని కసిరింది అత్త. కోడలు వెళ్ళిపోయాక, ఆమె కూర్చున్న చోట పడిన తడి మరకని కాలితో తుడిచేసింది.

ఇవాళ తనిఖీకి వచ్చింది కొత్త అధికారి. ముప్ఫై ఏళ్ళుంటాయేమో, ముక్కుకి చేతిరుమాలు అడ్డం పెట్టుకోలేదు. పాత అధికారి ముందు బస్తాలో ఇనుప గొట్టం గుచ్చి, వచ్చిన గింజల్ని పట్టుకుపొమ్మని పారేసేవాడు. ఈమె నాలుగో గోదాములో హమాలీల చేత ముందు వరస తీయించి, మనిషంత పొడుగు గొట్టం లోపలికంటా దింపింది. బయటికి లాగితే పళ్ళెంలో తెల్లటి బియ్యం జలజలా పడింది. మేనేజరు కోడలి వంక ఒకసారి చూశాడు. వెంటనే నవ్వు తెచ్చుకుని, పైకి అలాగే ఉంటుంది మేడమ్, వండితే గానీ తెలీదన్నాడు. పరీక్షగదిలో థూ అత్త ఉందన్న ధీమా ఆయనది.

ఆరో గిన్నె పొయ్యెక్కింది. కాసేపటికి గదిలోకి ఒక వాసన వచ్చింది. అది ఆ గదికి కొత్త వాసన. మంచి అన్నం ఉడికే వాసన. బస్తాలు మోస్తున్న హమాలీలు ఒక్కొక్కరే వచ్చి కిటికీ దగ్గర నిలబడ్డారు. ఏం చూస్తారర్రా, పనులు చూసుకోండని మేనేజరు అదిలించాడు. ఎవరూ కదల్లేదు.

థూ అత్త ఒక్క మెతుకు నొక్కి చూసి గిన్నె దించింది. ముద్ద నోట్లో పెట్టుకుంది. మేనేజరు ఉమ్మే బేసిను తనే స్వయంగా ఎత్తి పట్టుకున్నాడు. ఆమె నమిలింది. ఇంకా నమిలింది. గొంతు కదిలింది.

"ఎలా ఉందమ్మా?" అని అడిగింది అధికారి.

"అన్నంలా ఉంది" అంది థూ అత్త.

కిటికీ అవతల ఎవరో కిసుక్కున నవ్వారు. మేనేజరు కూడా నవ్వాడు. పాపం ఆకలి మీద ఉంది మేడమ్, ఆకలి రుచి ఎరగదంటారు కదా, ఇంకో ముద్ద చూస్తుందని సర్దాడు. సర్దుతూనే ఆమె చెవి దగ్గరికి వంగాడు.

"తిన్నింటి వాసాలు లెక్కపెట్టకు పెద్దమ్మా. సాయంత్రానికి సామాను వీధిలో ఉంటుంది. మీ ఆయన్ని మంచంతో సహా మోసుకుపోవాలి. నీ కోడలు ఏం చేసిందో నాకు తెలీదనుకోకు. మళ్ళీ బొగ్గు పొగ కావాలా మీకు?"

ఏడాదిగా ఆ ప్రశ్న ఆమె మెడ మీద కూర్చుని ఉంది. ఇవాళ నోట్లో అన్నం రుచి ఉండగా విన్నది కాబట్టేమో, జవాబు దానంతటదే వచ్చింది. అందరికీ వినపడేలా చెప్పింది.

"బొగ్గు వద్దనే అన్నాను సార్, ఇప్పటికీ అదే అంటాను. అన్నం కాల్చమని ఎప్పుడన్నాను?"

అని, పళ్ళెం తీసుకుని గిన్నెలోని అన్నమంతా అందులో వేసింది. నాలుగు ముద్దలవుతుంది. మేనేజరు చేతిలోంచి బేసిను తీసి కింద పెట్టి, ఆ చేతిలో పళ్ళెం పెట్టింది.

"నాకైతే ఆకలి, నాలుక చచ్చిపోయింది. సార్ ఆకలి మీద లేరు కదా మేడమ్. సార్‌నే ఒక్క ముద్ద తిని ఉమ్మమనండి. ఆయన ఉమ్మగలిగితే పాడైందని నేను వేలిముద్ర వేస్తాను."

అధికారి కలం మూత తీసింది గానీ ఏమీ రాయలేదు. ఆమె కూడా మేనేజరు వంకే చూస్తోంది. కిటికీకి అవతల హమాలీల మధ్య కోడలు కనిపించింది. ఆమె చేతిలో పైపు లేదు. మేనేజరు ముద్ద ఎత్తలేదు, పళ్ళెం దించలేదు. అన్నం మీంచి ఆవిరి లేచి ఆయన కళ్ళద్దాలకి పట్టింది. బల్ల మీద కాగితం పక్కన సిరాపెట్టె మూత తెరిచే ఉంది. థూ అత్త తన బొటనవేలిని పిడికిట్లోకి ముడుచుకుని నిలబడింది.