బియ్యం మూట కింద నేను

నేను ఒక స్టెప్నీ టైరును. ఫ్యాక్టరీలో నాతోపాటు పుట్టిన నలుగురూ రోడ్లెక్కి ఊళ్లు చూస్తుంటే, నన్ను మాత్రం డిక్కీలో చీకట్లో పడుకోబెట్టారు. మొదటి యజమాని కాలేజీ మాస్టారు. ఆరేళ్లలో ఒక్కసారి నా మొహం చూస్తే ఒట్టు! కారు అమ్మే రోజున మాత్రం "స్టెప్నీ చూడండి, కొత్తదే!" అని మురిసిపోయాడు మహానుభావుడు.

కొన్నది కరీంనగర్ భూమయ్య. ముప్ఫై ఏళ్లు ఆర్టీసీ బస్సు నడిపిన మనిషి. పొద్దున్నే ఇనుప రాడ్డుతో టైర్లన్నిటినీ కొట్టి, చప్పుడు వినందే బండి తీయడు. డిక్కీ తెరిచి నన్నూ కొట్టేవాడు. దెబ్బలు తిని అంత సంతోషించినదాన్ని నేనొక్కదాన్నే అయ్యుంటాను.

మూడేళ్లు గడిచాయి. ఆయన భార్య రాజవ్వకు చూపు మసకబారుతోంది. విశాఖపట్నం కంటి ఆస్పత్రిలో ఆపరేషన్ కుదిరింది. చూపు నిలుస్తుందో లేదో చెప్పలేనన్నాడు డాక్టరు. చెప్పిన రోజు సాయంత్రం నాలుగింటికల్లా చేరకపోతే మంచం ఇంకొకరికి ఇచ్చేస్తారు. మళ్లీ వంతు రావడానికి నెల పడుతుంది, అప్పటిదాకా ఆ కళ్లు ఆగవు.

"కండ్లు నిలుస్తయో లేవో, పొద్దుగాల సముద్రం చూపియ్యి. ఎన్నడు చూడలే," అంది రాజవ్వ, ముందురోజు రాత్రి విశాఖ చేరగానే.

ఆస్పత్రిలో వండుకోవడానికి తెచ్చిన బియ్యం మూట, స్టవ్వు, తొక్కు సీసాలు అన్నీ నా మీదే ఉన్నాయి. తెల్లారి భూమయ్య బయటి నాలుగింటినీ కొట్టి చూసి, "గీ మూట ఇప్పుడెవలు దించుతరు" అని నన్ను వదిలేశాడు. నా వాల్వులోంచి ముందురోజు నుంచీ సన్నగా గాలి పోతోంది. నోరుంటే అరిచేదాన్ని!

కైలాసగిరి, రుషికొండ చూసుకుంటూ భీమిలి చేరాం. డిక్కీలో నాకు వినిపించింది అలల హోరు, రాజవ్వ గొంతు. "అబ్బ! గిన్ని నీళ్లెక్కడివయ్యా!" ఇంకొక్క అల చూసి పోదామంటూ మధ్యాహ్నం రెండు గంటలు చేసింది.

తిరుగుదారిలో ఎర్రమట్టి దిబ్బల దగ్గర వెనక కుడి టైరు మేకు దిగి కూలబడింది. భూమయ్య సామానంతా దించి, రాడ్డుతో నన్ను కొట్టాడు. దబ్బున మెత్తటి చప్పుడొచ్చింది. ఆయన బియ్యం మూట మీద కూలబడ్డాడు.

"పొద్దుగాల దీన్ని కొట్టి చూడలేదే. నీ కండ్లకు నేనే ఎసరు వెట్టిన."

"సముద్రం చూసిన, గది చాలు. లే, బిగియ్యి. మెల్లగ పోదాం."

తొమ్మిదేళ్లకు మొదటిసారి నేలను తాకాను. రోడ్డు పక్క ఎర్ర ఇసుక చల్లగా అంటుకుంది. ఉన్న కాస్త గాలినీ బిగబట్టి, ప్రతి గుంతకూ దేవుడికి దండం పెట్టుకుంటూ ఉరికాను. నాలుగవడానికి పది నిమిషాలుందనగా ఆస్పత్రి గేటు కనిపించింది. అమ్మయ్య! భూమయ్య స్టీరింగుకు తల ఆనించి చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు.

వారం తర్వాత, నన్ను మళ్లీ డిక్కీలోకి ఎక్కించడానికి ఆయన జాకీ తీశాడు. నల్లద్దాలు పెట్టుకున్న రాజవ్వ నా దగ్గరికొచ్చి వంగి చూసింది.

"ఏమయ్యా, దీని గాడుల్ల గీ ఎర్ర ఇసుక కడగలేదేంది?"

భూమయ్య చేతిలోంచి జాకీ జారిపోయింది.

"కడగనే. ఎన్నటికి కడగ."

వాల్వు బాగుచేయించాడు. డిక్కీలోకి మాత్రం నన్ను పంపలేదు.